ఆరు సీట్లు, ముగ్గురు ప్రయాణికులు: ఒక చిన్న బిజినెస్ జెట్ మదింపు

ఒక మధ్యస్థాయి తయారీ సంస్థ తన సొంత ప్రయాణాల కోసం వాడిన బిజినెస్ జెట్ కొనాలనుకుంది. బ్రోకర్ చూపిన విమానం ఎంబ్రాయర్ ఫెనామ్ 100, తొలి తరానికి చెందినది. డెమో ప్రయాణం చేసి వచ్చిన డైరెక్టర్లకు అది ఎంతో నచ్చింది. ఆ వయసున్న ఇతర విమానాలతో పోలిస్తే ధర కూడా తక్కువే. సంతకం పెట్టేలోగా ఒకసారి చూసి చెప్పమని నన్ను పిలిచారు. నేను ఈ తరగతి విమానాలు నడిపిన పైలట్‌ను. ఇప్పుడు కొనుగోలుదారుల తరఫున విమానాల మదింపు చేస్తున్నాను. సంస్థ పేరు, ఊళ్ల పేర్లు వారి కోరిక మేరకు రాయడం లేదు. అంకెలు మాత్రం ఆ విమానం పత్రాల నుంచి, మేము ఎగిరినప్పుడు రాసుకున్న లెక్కల నుంచి తీసుకున్నవి.

"విమానం బాగుందా లేదా చెప్పండి చాలు" అన్నారు ఆర్థిక విభాగం అధిపతి. ఎవరు వెళతారు, ఎన్ని బ్యాగులతో వెళతారు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ నెలలో, ఏ వేళలో అని అడిగాను. ఆయనకు కొంచెం విసుగు వచ్చింది కానీ ఓపిగ్గా చెప్పారు. ప్రధాన కార్యాలయం నుంచి కర్మాగారానికి 560 నాటికల్ మైళ్లు (దాదాపు 1,040 కిలోమీటర్లు). అక్కడి రన్‌వే పొడవు 1,400 మీటర్లు, సముద్రమట్టానికి 3,000 అడుగుల ఎత్తున ఉంది. వేసవి మధ్యాహ్నాల్లో 38 డిగ్రీల ఎండ. ఏడాదిలో కొన్ని నెలలు దారి పొడవునా దట్టమైన మేఘాలు. అక్కడ దిగడం కుదరకపోతే వెళ్లాల్సిన ప్రత్యామ్నాయ విమానాశ్రయం మరో 170 నాటికల్ మైళ్ల దూరంలో ఉంది. నలుగురు ప్రయాణికులు, ఎప్పుడూ ఇద్దరు పైలట్లు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వెనక్కి రావాలి, మధ్యలో ఇంధనం కోసం ఎక్కడా ఆగకూడదు. ఇవన్నీ కాగితం మీద పెట్టి ఆయన చేత సంతకం చేయించుకున్నాను. విమానం దగ్గరకు వెళ్లింది ఆ తర్వాతే.

బరువు లెక్క

ఈ విమానం ఎంత దూరం వెళుతుందంటే తయారీదారు చెప్పే అంకె 1,178 నాటికల్ మైళ్లు. కొనేవారి అవసరానికి అది రెట్టింపు కంటే ఎక్కువ. బ్రోకర్ పదేపదే చూపించింది ఆ అంకెనే. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆ లెక్కలో విమానంలో ఉన్నది పైలట్‌ను కలుపుకొని నలుగురే. ట్యాంకులు నిండుగా ఉన్నాయి, ఎదురుగాలి లేదు, విమానం తన గరిష్ఠ వేగంతో కాక ఇంధనం ఆదా అయ్యే వేగంతో పోతోంది. మిగులు ఇంధనం కూడా దగ్గరలో ఉన్న ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి సరిపోయేంత మాత్రమే.

ఫెనామ్ 100 తొలి తరంలో టేకాఫ్‌కు అనుమతించే గరిష్ఠ బరువు 4,750 కిలోలు. ట్యాంకుల్లో పట్టే ఇంధనం దాదాపు 1,270 కిలోలు. తూకపు పత్రం ప్రకారం ఈ విమానం ఖాళీ బరువుకు ఇద్దరు పైలట్లను, వారి సామాన్లను, లోపలి సరంజామాను కలిపితే 3,370 కిలోలు తేలింది. ట్యాంకులు నింపితే 4,640. ప్రయాణికులకు మిగిలేది 110 కిలోలు, అంటే ఒక మనిషి, ఒక బ్యాగు. ఈ లెక్క చూపించినప్పుడు డైరెక్టర్లలో ఒకరు కాగితాన్ని చేతిలోకి తీసుకుని మళ్లీ కూడి చూసుకున్నారు. ఆరు సీట్లున్న విమానంలో ట్యాంకు నింపితే ఒక్కరే ప్రయాణించగలరంటే నమ్మడం ఎవరికైనా కష్టమే. కానీ చిన్న జెట్‌లన్నింటిలోనూ ఇదే సంగతి. సీట్లు, ట్యాంకులు రెండూ ఒకేసారి నిండవు. ఒకటి నింపాలంటే రెండోది తగ్గించుకోవాలి.

దీనికి తోడు ఇంకో పరిమితి ఉంది. ఇంధనాన్ని మినహాయించి, విమానం, మనుషులు, సామాన్ల మొత్తం 3,830 కిలోలు దాటకూడదు. రెక్కలు శరీరంతో కలిసే చోట పడే భారాన్ని బట్టి నిర్ణయించిన హద్దు అది. ఇంధనం తగ్గించుకున్నా దీని నుంచి తప్పించుకోలేం. ప్రయాణికుడికి బ్యాగుతో కలిపి 95 కిలోలు వేసుకుంటే నలుగురికి 380, మొత్తం 3,750. ఐదో మనిషి ఎక్కితే 3,845 అవుతుంది, 15 కిలోలు ఎక్కువ. క్యాబిన్‌లో ఎదురెదురుగా నాలుగు కుర్చీలు, తలుపు దగ్గర పక్కకు తిరిగిన ఐదో కుర్చీ, బెల్టు అమర్చిన టాయిలెట్ సీటు ఉన్నాయి. అమ్మకం కాగితంలో రాసిన ఆరు సీట్లు ఇవే. ఇద్దరు పైలట్లతో నడిపితే ఆ ఐదో కుర్చీ ఎప్పటికీ ఖాళీగా ఉండాల్సిందే.

నలుగురు కూర్చుంటే ఇంధనానికి మిగిలేది 1,000 కిలోలు. అందులో 170 మైళ్ల దూరంలోని ప్రత్యామ్నాయానికి, అక్కడ అరగంట గాల్లో తిరగడానికి కలిపి 360 కిలోలు పక్కన పెట్టాలి. ప్రయాణానికి 640 కిలోలు ఉంటాయి. గాలి లేని రోజున 560 మైళ్లకు లెక్కప్రకారం కావాల్సింది సరిగ్గా అంతే. 40 నాట్స్ (గంటకు 40 నాటికల్ మైళ్ల) ఎదురుగాలి ఉన్న రోజున 700 కావాలి. మరి ఆ 60 కిలోలు ఎక్కడి నుంచి తేవాలి? ముగ్గురితో వెళితే ప్రయాణానికి 735 కిలోలు దొరుకుతాయి, ఎదురుగాలిలోనూ కాస్త మిగులుతుంది. విమానం ఎక్కకముందే నాకు అనుమానం కలిగించింది ఈ తేడాయే. ఎగిరి చూస్తే తప్ప దాన్ని రుజువు చేయలేను.

ఎగిరి చూడటం

డైరెక్టర్లు చేసిన డెమో ప్రయాణం తెల్లవారుజామున, పెద్ద విమానాశ్రయం నుంచి, ఇద్దరు ప్రయాణికులతో, సగం ట్యాంకులతో జరిగింది. బరువు తక్కువున్న జెట్ రన్‌వే మీద నుంచి చటుక్కున లేస్తుంది, నిటారుగా పైకి పోతుంది, ఎవరినైనా ఇట్టే ఆకట్టుకుంటుంది. ఎండవేళ, నిండు బరువుతో, దాదాపు అంతే దూరమున్న దారిలో ఎగరాలని నేను అడిగాను. విక్రేత పైలట్ సీనియర్, మర్యాదస్తుడు. "మీరు అడిగేది న్యాయమే సర్, ఇలా అడిగేవాళ్లు తక్కువ" అన్నారు.

ముందుగా మనుషులను, బ్యాగులను తూకం వేయించాను. సంస్థ ఉద్యోగులు ముగ్గురు, నేను, అందరి సామాన్లు కలిపి 380 కిలోలకు రెండు మూడు కిలోలు అటూ ఇటూ. మనుషులు తమ బరువు ఎంతో నోటితో చెప్పిన దానికీ తూకానికీ తేడా వచ్చింది. బ్యాగుల విషయంలో ఆ తేడా ఇంకా ఎక్కువ. ఇంజినీర్లలో ఒకరు కర్మాగారానికి ఎప్పుడూ తీసుకెళ్లే కొలత పరికరం ఉన్న గట్టి పెట్టెను తెచ్చారు. తోక భాగంలోని సామాన్ల అర తలుపులోంచి అది అడ్డంగా పట్టలేదు. నిలువుగా తిప్పి, మిగతా బ్యాగులన్నీ తీసి, మళ్లీ సర్దితేగానీ లోపలికి పోలేదు. దానికి పది నిమిషాలు పట్టింది. ఆ అర క్యాబిన్‌కు వెలుపల ఉంటుంది కాబట్టి గాల్లో ఉండగా అక్కడి వస్తువు చేతికి అందదు. మందులు, కంప్యూటర్, పత్రాలు వెంటే పెట్టుకోవాలి. క్యాబిన్‌లో వాటికి చోటు కాళ్ల దగ్గరే. డెమో ప్రయాణంలో ఎవరి చేతిలోనూ బ్యాగు లేదు కనుక ఈ సంగతి ఎవరికీ తట్టలేదు.

వెళ్లేటప్పుడు ముందు సీట్లలో విక్రేత పైలట్లు ఇద్దరూ కూర్చున్నారు, నేను క్యాబిన్‌లో వెనక్కి తిరిగి ఉండే కుర్చీలో. క్యాబిన్ ఎత్తు మీటరున్నర, వెడల్పు దాదాపు 1.55 మీటర్లు. నిలబడటం కుదరదు, వంగి నడవాలి. ఎదుటి కుర్చీలో ఆరడుగుల మనిషి ఉంటే మోకాళ్లు తగలకుండా ఇద్దరూ ఒకరి కాళ్ల పక్కన ఒకరు కాళ్లు పెట్టుకోవాలి. మొదటి అరగంట నవ్వుతూ సర్దుకున్నారు, గంట దాటాక కదలడం మొదలైంది. ఎదురెదురుగా ఉన్నవాళ్లు మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. తోక వైపు కుర్చీలో ఇంజిన్ల మోత, గాలి సరఫరా రొద కలిసి వినబడతాయి కాబట్టి పక్కవారితో కొంచెం గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. కిటికీలు పెద్దవి, వెలుతురు చక్కగా వస్తుంది. ఈ తరగతిలో ఇంత హాయిగా అనిపించే క్యాబిన్లు తక్కువ. రెండు గంటల లోపు ప్రయాణానికి ముగ్గురికి ఇది బాగుంటుంది. నలుగురితో అంతసేపు కూర్చుంటే దిగాక నేరుగా సమావేశానికి వెళ్లాలనిపించదు.

క్యాబిన్ గాలి ఒత్తిడిని కూడా చూసుకున్నాను. 41,000 అడుగుల ఎత్తులో విమానం లోపల ఒత్తిడి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉండాలి. మేము ఎక్కిన 39,000 అడుగుల దగ్గర అది హద్దులోనే ఉంది, సూచిక నిలకడగా ఉంది. తలుపు అంచున ఈల లాంటి చిన్న శబ్దం వచ్చింది. తలుపు రబ్బరు సీలు మార్చాల్సిన వస్తువుల జాబితాలో చేర్చాను.

ఎత్తు గురించి ఒక మాట. ఈ విమానానికి ధ్రువీకరించిన గరిష్ఠ ఎత్తు 41,000 అడుగులు. నిండు బరువుతో ఆ ఎత్తుకు నేరుగా ఎక్కగలదని దాని అర్థం కాదు. ఆ రోజు పై గాలి ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే 12 డిగ్రీలు వెచ్చగా ఉంది. 29,000 దాకా చురుగ్గా ఎక్కింది, 35,000 దాటాక నెమ్మదించింది. 37,000 పైన ఎక్కే వేగం నిమిషానికి 300 అడుగులకు పడిపోవడంతో 39,000 దగ్గర ఆపేశాం. ఈ దూరానికి అంతకంటే పైకి ఎక్కి సాధించేది ఏమీ లేదు. ఇక్కడే కొత్త యజమానులు మరిచిపోయే విషయం ఒకటుంది. 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య విమానాలను వెయ్యి అడుగుల ఎడంతో నడుపుతారు. అక్కడ ఎగరడానికి విమానంలో ఎత్తు కొలిచే పరికరాలు కచ్చితంగా ఉండాలి. చాలా దేశాల్లో నడిపే సంస్థకు విడిగా అనుమతి కూడా కావాలి. పాత యజమాని అనుమతి కొత్త యజమానికి దానంతట అది రాదు. అది చేతికి వచ్చేదాకా 28,000 దాటకుండా ఎగరాలి, అక్కడ ఈ ఇంజిన్లు తాగే ఇంధనం బాగా ఎక్కువ. ఆ వారాల్లో ఈ దారిలో ముగ్గురితో కూడా ఆగకుండా వెళ్లలేరు. కొనుగోలు కాలపట్టికలో ఆ అనుమతికి పట్టే సమయాన్ని కలపమని చెప్పాను.

దిగాక ఇంధనం చూసుకున్నాం. 655 కిలోలు ఖర్చయింది. పుస్తకం లెక్క కంటే 15 కిలోలు ఎక్కువ. వెచ్చని గాలిలో ఎక్కడానికి పట్టిన అదనపు సమయం దానికి కారణం. ట్యాంకుల్లో మిగిలింది 345. ఆ రోజు మా ప్రత్యామ్నాయ విమానాశ్రయం దగ్గరలోనే ఉంది కనుక అది చాలినంతే. అదే కర్మాగారానికి వెళ్లి ఉంటే 360 ఉండాలి. నలుగురితో ఈ ప్రయాణం కుదరదన్న మాటకు ఇక ఊహతో పని లేదు, గేజీలే చెప్పాయి.

చిన్న రన్‌వే

తిరుగు ప్రయాణంలో కుడి సీటులో నేను కూర్చున్నాను. విమానం చేతిలో ఎలా ఉంటుందో ఒక్క ముక్కలో చెప్పాలంటే, మన్నించే స్వభావం ఉన్న విమానం. వేగం నిలకడగా నిలబడుతుంది, ఇంజిన్లను కంప్యూటర్ నియంత్రిస్తుంది కనుక థ్రాటిల్ పని తేలిక, గార్మిన్ సంస్థ తయారుచేసిన కాక్‌పిట్ తెరలు స్పష్టంగా ఉంటాయి. దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. ఇందులో ఇంజిన్ల ఒత్తిడిని ముందుకు మళ్లించి ఆపే ఏర్పాటు లేదు. తొలి తరం విమానాల్లో రెక్కల మీద లేచి విమానాన్ని నెమ్మదింపజేసే స్పాయిలర్లు కూడా లేవు, తర్వాత వచ్చిన 100ఈ రకంలో వాటిని చేర్చారు. ఆగడం మొత్తం చక్రాల బ్రేకుల మీదే ఆధారపడి ఉంటుంది. ఆ బ్రేకులకూ పెడల్‌కూ మధ్య ఉండేది విద్యుత్ సంకేతం. అవి పనిచేయకపోతే అత్యవసర బ్రేకు పిడి ఉంది, కానీ దానికి చక్రం జారకుండా కాపాడే ఏర్పాటు లేదు, గట్టిగా లాగితే టైరు పగులుతుంది. ఇవన్నీ తెలిసి నడిపేవారికి ఇబ్బంది లేదు. కానీ 1,400 మీటర్ల రన్‌వే మీద వీటికి విలువ ఎక్కువ.

ముగ్గురితో కర్మాగారం చేరేసరికి ఉండే బరువుకు, ఆ ఎత్తుకు, ఎండకు లెక్కిస్తే పొడి రన్‌వే మీద ఆగడానికి 820 మీటర్లు పడుతుంది. ఇది కొత్త బ్రేకులతో, సరైన వేగంతో, సరైన చోట చక్రాలు మోపిన పైలట్‌కు వచ్చే అంకె. అమెరికాలో జెట్‌లను అద్దెకు నడిపే సంస్థలు మామూలుగా రన్‌వేలో 60 శాతంలోనే ఆగగలిగేలా ప్రణాళిక వేసుకోవాలి, తడిసి ఉంటుందనుకుంటే మరో 15 శాతం కలపాలి. సొంత విమానానికి ఆ నిబంధన వర్తించదు. అయినా నా నివేదికల్లో నేను దాన్ని వదలను. టికెట్టు కొనలేదన్న కారణంతో ప్రయాణికుడికి తక్కువ రక్షణ చాలని నేను ఒప్పుకోను. ఆ లెక్కన పొడి రన్‌వేకు 1,370 మీటర్లు కావాలి, 1,400 ఉంది. తడి రన్‌వేకు 1,575 కావాలి, లేదు. కాబట్టి రన్‌వే తడిసి ఉంటే అక్కడ దిగకూడదు, ప్రత్యామ్నాయానికి వెళ్లాల్సిందే. పైన పక్కన పెట్టిన 360 కిలోలను ఎందుకు తగ్గించలేమో ఇప్పుడు అర్థమవుతుంది.

దిగడం కంటే తిరిగి లేవడం ఇంకా కష్టమని తేలింది. 3,000 అడుగుల ఎత్తున 38 డిగ్రీల ఎండలో గాలి పల్చబడి, విమానానికి దాదాపు 6,500 అడుగుల ఎత్తున ఉన్నట్టు ఉంటుంది. టేకాఫ్ లెక్కలో ఒక ఇంజిన్ ఆగిపోతే రన్‌వే మీదే నిలబడగలగాలి లేదా మిగిలిన ఒక్క ఇంజిన్‌తో క్షేమంగా ఎక్కగలగాలి. ఆ షరతులతో ఆ వేళకు వచ్చే గరిష్ఠ బరువు 4,400 కిలోలు. ముగ్గురితో ఖాళీ ట్యాంకు బరువు 3,655. ఇంధనానికి మిగిలేది 745. ప్రధాన కార్యాలయం ఉన్న ఊరికి దగ్గరలో వేరే విమానాశ్రయాలు ఉన్నాయి కాబట్టి తిరుగుదారిలో పక్కన పెట్టాల్సింది 250. ప్రయాణానికి మిగిలే 495తో ఇంటికి చేరలేరు. అదే పొద్దున 24 డిగ్రీలప్పుడు 4,620 దాకా అనుమతి వస్తుంది, ఇంధనం 965 కిలోలు పోసుకోవచ్చు, సరిపోతుంది. కాబట్టి వేసవిలో మధ్యాహ్నం బయలుదేరే పని పెట్టుకోకూడదు. సాయంత్రం చల్లబడ్డాక లేవాలంటే ఆ రన్‌వేకు దీపాలు ఉండాలి. "దీపాలున్నాయా?" అని అడిగాను. సమావేశంలో ఎవరికీ తెలియలేదు. కర్మాగారం వాళ్లకు ఫోను చేస్తే, ఉన్నాయిగానీ కొన్ని నెలలుగా వెలగడం లేదని చెప్పారు. దీపాలు బాగుపడేదాకా వేసవిలో రాత్రికి అక్కడే ఉండి పొద్దున బయలుదేరాలని రాశాను.

మంచు, ఒక్క పైలట్

నలుగురికి చోటు చాలడం లేదని తెలిశాక సంస్థ నుంచి వెంటనే వచ్చిన సూచన, రెండో పైలట్‌ను తగ్గిస్తే సరిపోతుంది కదా అని. ఈ విమానాన్ని ఒక్క పైలట్ నడపడానికి ధ్రువీకరణ ఉంది, అందులో సందేహం లేదు. దానికి నేను ఒప్పుకోలేదు. ఈ దారి మేఘాల్లో రెక్కలకు మంచు పట్టవచ్చు కనుక, కారణాన్ని ఒక ప్రమాదం ద్వారా వివరించాను.

2014 డిసెంబర్ 8న అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం గైథర్స్‌బర్గ్‌లో ఇదే రకం విమానం ఒకటి దిగబోతూ కూలింది. ఒక్కరే పైలట్, ఇద్దరు ప్రయాణికులు. విమానం ఇళ్ల మీద పడటంతో ఒక ఇంట్లో తల్లి, ఇద్దరు చిన్నపిల్లలు కూడా చనిపోయారు. మంచు పేరుకునే పరిస్థితుల్లో రెక్కల మంచు తొలగించే వ్యవస్థ మీటను ఆన్ చేయకుండా దిగడం వల్ల, తేరుకోలేనంత తక్కువ ఎత్తులో విమానం స్టాల్ అయిందని, అంటే రెక్కలు గాల్లో పట్టు కోల్పోయాయని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది.

ఆ మీట ఎందుకంత ముఖ్యం? రెక్కల అంచున ఉన్న రబ్బరు తొడుగులను గాలితో ఉబ్బించి మంచును పగలగొట్టడం దాని పనిలో ఒక భాగమే. అది ఆన్‌లో ఉన్నప్పుడు స్టాల్ హెచ్చరిక కంప్యూటర్ కూడా తన హద్దును మార్చుకుంటుంది. మంచు పట్టిన రెక్క మామూలు రెక్క కంటే ముందే పట్టు కోల్పోతుంది కనుక హెచ్చరిక కూడా ముందే రావాలి. మీట ఆఫ్‌లో ఉంటే హెచ్చరిక మామూలు రెక్క లెక్క ప్రకారమే ఎదురుచూస్తూ ఉంటుంది, అప్పటికే ఆలస్యమైపోతుంది. మీట వేస్తే దిగే వేగం కూడా పెరగాలి. 95 నాట్స్ దగ్గర ఉండాల్సినది 120 దాకా వెళ్లవచ్చు. వేగం పెరిగితే దాని వర్గానికి తగ్గట్టు శక్తి పెరుగుతుంది కనుక బ్రేకులు అణచాల్సిన శక్తి దాదాపు 60 శాతం ఎక్కువ. 1,400 మీటర్ల రన్‌వేకు అది చాలదు. అలసిపోయి, ఒక్కడే ఉన్న పైలట్‌కు ఎదురుగా చిన్న రన్‌వే, వెనుక తొందరపడే యజమాని ఉంటే, ఆ మీట వేయకుండా ఉండాలన్న ఒత్తిడి అతని మీద ఎంత ఉంటుందో ఊహించవచ్చు. పక్కన మరో మనిషి ఉండి "మంచు మీట వేశారా?" అని అడగడం విలువ నా దృష్టిలో నాలుగో ప్రయాణికుడి కంటే ఎక్కువ.

ఇంకో కారణం ఆక్సిజన్. 40,000 అడుగుల దగ్గర క్యాబిన్ ఒత్తిడి పోతే పనికొచ్చే స్పృహ ఉండేది 15 నుంచి 20 సెకన్లే. ఒక్క పైలట్ అయితే 35,000 పైన మాస్కు పెట్టుకునే నడపాలని అమెరికా నిబంధన చెబుతుంది. ప్రయాణమంతా మాస్కుతో కూర్చునే పైలట్లు ఉంటారు, వారి మీద నాకు గౌరవం. కానీ ఒక సంస్థ తన ఉద్యోగులను ఆ క్రమశిక్షణ ఒక్కదాన్నే నమ్మి ఎక్కించకూడదు.

ప్రయాణికులు లేకుండా మరోసారి ఎగిరి ఈ వ్యవస్థలన్నీ పరీక్షించాం. రబ్బరు తొడుగులు వరుసగా ఉబ్బాయి. ఎడమ రెక్క మీద ఒక అతుకు అంచు లేచి ఉంది. స్టాల్ హెచ్చరిక రెండు స్థితుల్లోనూ రావాల్సిన వేగం దగ్గరే వచ్చింది. ల్యాండింగ్ గేర్‌ను అత్యవసర పద్ధతిలో దించి చూశాం, సరిగా దిగింది. దిగాక బ్రేకుల ఉష్ణోగ్రతను దూరం నుంచి కొలిచే పరికరంతో చూస్తే ఎడమది కుడిదాని కంటే బాగా వేడిగా ఉంది. కింద కూర్చుని అరుగుదల చూపే పిన్నులను పోల్చాను. కుడి వైపు పిన్ను వేలి గోరంత బయటికి ఉంది, ఎడమది దాదాపు అంచుకు సమంగా వచ్చేసింది. రెండింటినీ ఒకేసారి మార్చినట్టు లాగ్‌బుక్‌లో ఉంది. ఒకేసారి వేసినవి ఇంత తేడాగా అరిగాయంటే ఎడమ బ్రేకు పూర్తిగా వదలడం లేదు.

పత్రాలు

తక్కువ ధర ఎందుకో పత్రాలు చెప్పాయి. ఈ విమానానికి రెండు ప్రాట్ అండ్ విట్నీ కెనడా పీడబ్ల్యూ617ఎఫ్ ఇంజిన్లు. వీటికి 3,500 గంటలకు పూర్తి మరమ్మతు, సగం దారిలో 1,750 గంటలకు మంట మండే భాగాలను విప్పి చూసే హాట్ సెక్షన్ తనిఖీ. ఈ ఇంజిన్లు 1,690 గంటల దగ్గర ఉన్నాయి. కొన్న కొన్ని నెలలకే రెండు ఇంజిన్ల తనిఖీ ఖర్చు కొత్త యజమాని మీద పడుతుంది. గంటకు ఇంత అని చెల్లించే ఇంజిన్ నిర్వహణ పథకంలో ఉంటే ఆ ఖర్చు పథకమే భరించేది. పాత యజమాని కొంతకాలంగా చెల్లింపులు ఆపేశారు. మళ్లీ చేరాలంటే ఎగిరిన గంటలకు బకాయి కట్టాలి. అమ్మకం కాగితంలో "ఇంజిన్ పథకానికి అర్హత ఉంది" అని రాశారు. అర్హత ఉండటం వేరు, పథకంలో ఉండటం వేరు. బ్రోకర్‌ను అడిగితే ఆ తేడాను ఒప్పుకున్నారు.

బోరోస్కోప్‌తో ఇంజిన్ల లోపల చూశాం. కుడి ఇంజిన్ దహన గదిలో చిన్న పగులు కనిపించింది, మాన్యువల్ అనుమతించే హద్దులోనే ఉంది. కంప్రెసర్ రెక్కలు శుభ్రంగా ఉన్నాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టినది వేరు. చివరి మూడేళ్లలో విమానం చాలా తక్కువగా ఎగిరింది, ఒకసారి వరుసగా నెలల తరబడి కదల్లేదు. నిలిపి ఉంచిన కాలంలో చేయాల్సిన సంరక్షణ పనుల నమోదు లాగ్‌బుక్‌లో లేదు. కదలని విమానం తిరిగే విమానం కంటే త్వరగా పాడవుతుంది. సీళ్లు ఎండుతాయి, తేమ నిలిచిన చోట తుప్పు మొదలవుతుంది, ట్యాంకుల్లో నీరు చేరి సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకే నేల పలకలు విప్పించి, టాయిలెట్ కింది భాగాన్ని, బ్యాటరీ పెట్టెను, ట్యాంకు అడుగు వాల్వులను చూపించమన్నాను. టాయిలెట్ కింద పైపైన తుప్పు ఉంది, ఆ ఒక్క చోటే. ముందు అద్దంలో ఒక మూల పొరలు విడిపోతున్న గుర్తు కనిపించింది. వేడి తీగలున్న ఆ అద్దం ఖరీదైన వస్తువు.

యాజమాన్యం గురించి న్యాయవాది చూసుకున్నారు. 2001 నాటి కేప్‌టౌన్ ఒప్పందం కింద నడిచే అంతర్జాతీయ రిజిస్ట్రీలోనూ, విమానం నమోదైన దేశపు పత్రాల్లోనూ అప్పు, తాకట్టు ఏమైనా ఉన్నాయా అని వెతికించాం. పాత అప్పు ఒకటి తీరినట్టు చూపుతున్నా నమోదు రద్దు కాలేదు, విక్రేత దాన్ని రద్దు చేయించారు. ఈ తరగతిలోనే వేరే రకాలను కూడా పరిశీలించాం. సెస్నా సైటేషన్ మస్టాంగ్ ఉత్పత్తి 2017లో ఆగింది, అయినా విడిభాగాలు, శిక్షణ దొరుకుతున్నాయి. దాని మోసే సామర్థ్యం ఇంకా తక్కువ కనుక ఈ పనికి అది పరిష్కారం కాదు. పెద్దదైన ఫెనామ్ 300 ఈ దారిని నలుగురితో సునాయాసంగా చేస్తుంది, కానీ కొనుగోలు, నిర్వహణ ఖర్చులు సంస్థ నిర్ణయించుకున్న హద్దును దాటిపోయాయి.

తీర్పు

నలుగురితో, ఏడాది పొడవునా, ఆగకుండా అన్న షరతుకు ఈ విమానం సరిపోదని నివేదికలో మొదటి వాక్యంగా రాశాను. ఆ తర్వాత ఆర్థిక విభాగం అధిపతిని ఇంకొకటి అడిగాను: గత రెండేళ్లలో కర్మాగారానికి ఎవరెవరు వెళ్లారో ప్రయాణాల పద్దు చూపించమని. ఆ పద్దు అందరినీ ఆలోచింపజేసింది. చాలామటుకు వెళ్లింది ఇద్దరే, కొన్నిసార్లు ముగ్గురు. నలుగురు కలిసి వెళ్లింది వార్షిక తనిఖీల సమయంలో తప్ప దాదాపు లేదు. నలుగురు అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందంటే, క్యాబిన్‌లో ఎదురెదురుగా నాలుగు కుర్చీలు కనిపించాయి కనుక వచ్చింది.

దాంతో నా సిఫారసు మారింది. కొనండి, కానీ ఈ షరతులను నిర్వహణ మాన్యువల్‌లో రాసుకుని కొనండి అన్నాను. ఆగకుండా వెళితే ముగ్గురు, ప్రతి ఒక్కరినీ బ్యాగుతో సహా తూకం వేయాలి. నలుగురైతే దారిలో ఇంధనానికి ఒకసారి ఆగాలి, లేదా ఆ రోజుకు పెద్ద విమానాన్ని అద్దెకు తీసుకోవాలి. కర్మాగారం రన్‌వే తడిసినా, మంచు వేగంతో దిగాల్సి వచ్చినా ప్రత్యామ్నాయానికే. వేసవిలో ఉష్ణోగ్రత పట్టిక చూసి మాత్రమే బయలుదేరాలి. ఎప్పుడూ ఇద్దరు పైలట్లు. సంస్థ ఛైర్మన్‌కు అద్దె విమానం మాట నచ్చలేదు. "మన విమానం ఉండగా అద్దె ఎందుకండీ?" అన్నారు. ఏడాదిలో కొద్ది రోజుల కోసం పెద్ద విమానాన్ని ఏడాదంతా పోషించడం కంటే ఇది చవకని లెక్క వేసి చూపించాక ఒప్పుకున్నారు.

బేరం అంత తేలిగ్గా తెగలేదు. హాట్ సెక్షన్ తనిఖీ ఖర్చును ధరలో తగ్గించడానికి విక్రేత మొదట ఇష్టపడలేదు, చివరకు ఇంజిన్ పథకం బకాయిని తాము కట్టడానికి ఒప్పుకున్నారు. దాంతో తనిఖీ ఆ పథకం కిందికి వచ్చింది. బ్రేకులు రెండు వైపులా, తలుపు సీలు, రెక్క తొడుగు అతుకు విక్రేత ఖర్చుతోనే మారాయి. ముందు అద్దం ఖర్చు సగం సగం. తుప్పును శుభ్రం చేసి, పూత వేసి, ఏడాది తర్వాత మళ్లీ చూడాలని నమోదు చేయించాం.

అప్పగింతకు ముందు విమానాన్ని మళ్లీ తూకం వేయించాను. అంతకుముందు పత్రంలో ఉన్న దానికంటే 12 కిలోలు ఎక్కువ తేలింది. లోపలి అరల్లో ఎవరో వదిలేసిన పాత మాన్యువళ్లు, తోక అరలో అదనపు టో బార్ (విమానాన్ని నేల మీద లాగే కడ్డీ), కార్పెట్ కింద రెండో పొర దొరికాయి. వాటితోపాటు, ఇద్దరు పైలట్లతో ఎప్పటికీ వాడలేని ఆ ఐదో కుర్చీని కూడా ఆమోదిత పద్ధతిలో తీసేయించాం. కొత్త బరువుతో ముగ్గురి పట్టికను తిరిగి లెక్కించి, పైలట్ల ఫోల్డర్‌లో పెట్టాం.